బీమా, ధీమా, బడి

నేను ఏడో తరగతి చదివిన ఏడాది ఇద్దరు నాన్నలు పడిపోయారు.

మొదటాయన మా నాన్న. మండలాఫీసులో గుమాస్తా. సాయంత్రం స్కూటర్ మీద ఇంటికొస్తుంటే గేదె అడ్డం వచ్చి పడ్డాడు. కాలు విరిగింది. రెండో ఆయన నా పక్క బెంచీవాడి నాన్న. నల్లగొండ జిల్లాలో మాది తాటివనాల ఊరు. ఆయనది గీత పని. మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. ఆయనకీ కాలే విరిగింది. ఇద్దరూ బతికారు. ఇద్దరూ ఇంచుమించు నాలుగు నెలలు మంచం దిగలేదు. నేను ఒక్కరోజు కూడా బడి మానలేదు. వాడు మాత్రం దసరా సెలవుల తర్వాత మళ్ళీ కనిపించలేదు. సంక్రాంతికి సైకిల్ టైరు పంక్చరై బస్టాండు దగ్గర మెకానిక్ షాపుకి వెళ్తే, గ్రీజు చేతులతో నవ్వుతూ ఎదురొచ్చాడు.

మా నాన్నకి మెడికల్ లీవు ఉంది. ఒకటో తారీఖున జీతం వచ్చేది. ఆస్పత్రి బిల్లులు పెట్టుకుంటే ఆలస్యంగానైనా డబ్బులొచ్చాయి. మా అమ్మ ఆ నాలుగు నెలలూ విసుక్కుంది గానీ భయపడలేదు. ఈ తేడా నాకప్పుడు తెలియలేదు. చాలా ఏళ్ళపాటు వాడి సంగతి చెప్పాల్సి వస్తే 'బీదవాళ్ళు, అందుకే చదువు మాన్పించారు' అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. ఇంజనీరింగ్‌లో ఉండగా కాలేజీ మ్యాగజైన్‌కి వాడి మీద ఒక కథ కూడా రాశాను. అందులో షాపు యజమాని పెద్ద మీసాలవాడు, కోపిష్టి, స్పానరుతో కొడతాడు. నిజంలో ఆ షాపాయన వాడికి వరసకి మేనమామ, చెయ్యి ఎత్తే మనిషి కాదు. కథకి విలన్ కావాలి కాబట్టి ఆయన్ని వాడుకున్నాను. ఆ కథకి బహుమతి కూడా వచ్చింది.

కథల్లో విలన్

ఆ పాపం కడుక్కోవడానికని కాదు గానీ, కొన్ని నెలలుగా బాలకార్మికుల మీద తెలుగులో వచ్చిన కథలు దొరికినవి దొరికినట్టు చదువుతున్నాను. పాత పత్రికల స్కాన్లు, బహుమతి కథల సంకలనాలు, వెబ్ పత్రికలు. నేను చదివినవాటిలో మూడొంతులు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. హోటల్లో బల్లలు తుడిచే కుర్రాడు. చేతిలోంచి గ్లాసు జారుతుంది. యజమాని చెంప పగలగొడతాడు. టీ తాగుతున్న కథకుడికి తన కొడుకు గుర్తొస్తాడు. బయట స్కూలు బస్సు వెళ్తుంది. కుర్రాడు అటు చూస్తాడు. అక్కడితో కథ అయిపోతుంది.

ఈ కథలు అబద్ధాలని నేననను. చెంపదెబ్బలూ నిజమే, బస్సూ నిజమే. నా ఇబ్బంది వేరు. కుర్రాడు హోటల్‌కి వచ్చేశాక ఈ కథలు మొదలవుతాయి. అతను అక్కడికెలా వచ్చాడన్నది ఒకే వాక్యం: తండ్రి తాగుబోతు, లేదా తండ్రి పోయాడు, లేదా 'పేదరికం'. నా అనుమానం ఏమిటంటే, అసలు కథ ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. మా పక్క బెంచీవాడి ఇంట్లో పేదరికం వాడు ఒకటో తరగతిలో చేరినప్పుడూ ఉంది. ఆరేళ్ళపాటు ఆ పేదరికంలోనే వాళ్ళమ్మ వాడికి పలకలు కొంది, చొక్కాలు కుట్టించింది, బడికి పంపింది. మరి ఏడో ఏడు కొత్తగా ఏం జరిగింది? పేదరికం ఒక స్థితి అనుకుంటే ఈ ప్రశ్నకి జవాబు లేదు. ఎప్పుడు ఏ దెబ్బ తగులుతుందో తెలియకపోవడం కూడా పేదరికంలో భాగమే అనుకుంటే జవాబు దొరుకుతుంది.

ఒక మాట గురించి కూడా చెప్పాలి. తెలంగాణ పల్లెల్లో పిల్లవాణ్ణి దొర దగ్గరో ఆసామి దగ్గరో పశువులు కాయడానికి కుదిర్చితే 'జీతం ఉంచారు' అనేవాళ్ళు. అలా ఉన్నవాడు జీతగాడు. ముందే తెచ్చుకున్న అప్పుకి ఆ ఏడాది చాకిరీ చెల్లు. మా నాన్నకి వచ్చినదీ జీతమే. నాకు నెలాఖరున బ్యాంకులో పడేదీ జీతమే. మా జీతాల్లో మాత్రం సెలవు, వైద్యం, పెన్షన్, గ్రూప్ ఇన్సూరెన్స్ అన్నీ కనబడకుండా కలిసి ఉన్నాయి. ఆ కలిసి ఉన్నవేవీ లేని ఇంట్లో, పెద్దాయన పడిపోతే పిల్లవాడు జీతానికి వెళ్ళేవాడు. ఒకే మాట. ఒక ఇంట్లో పిల్లల్ని బడిలో ఉంచింది, ఇంకో ఇంట్లో బడి మాన్పించింది.

రెండు హైదరాబాదులు

ఈ ఆలోచనలో ఉండగా కథ కాని ఒక రచన చదివాను. అర్థశాస్త్ర పరిశోధన వ్యాసం. 2015లో 'జర్నల్ ఆఫ్ హెల్త్ ఎకనామిక్స్'లో వచ్చింది. రాసినవాళ్ళు ఆండ్రియాస్ లాండ్‌మన్, మార్కుస్ ఫ్రోలిష్. ఆరోగ్యబీమా బాలకార్మిక సమస్యని ఆపగలదా అన్నది ప్రశ్న. చోటు హైదరాబాద్. మనది కాదు, పాకిస్తాన్‌లో సింధు రాష్ట్రపు హైదరాబాద్. గాజు గాజుల తయారీకి పేరున్న ఊరు. మన చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో లక్కగాజులు ఎలాగో అక్కడ ఇవి అలాగ. మన హైదరాబాద్‌లో 2015 జనవరిలోనే పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి, బీహార్ నుంచి తెచ్చిన పిల్లల్ని రెండు వందలమందికి పైగా పోలీసులు విడిపించారు. ఊరి పేరు, గాజులు, పిల్లలు అన్నీ కలిసేసరికి ఆ వ్యాసాన్ని పక్కన పెట్టలేకపోయాను.

అక్కడ నేషనల్ రూరల్ సపోర్ట్ ప్రోగ్రాం అనే సంస్థ పేదలకి చిన్న చిన్న అప్పులిస్తుంది. అప్పుతో పాటు ఆస్పత్రి ఖర్చులకీ ప్రమాదాలకీ ఒక చిన్న బీమా ఉంటుంది. ఆ బీమాని ఇంట్లో మిగతావాళ్ళకీ విస్తరించాలనుకున్నప్పుడు పరిశోధకులు దాన్ని ఒక ప్రయోగంగా మలిచారు. లాటరీ పద్ధతిలో ఎంచిన కొన్ని శాఖల్లో విస్తరించారు, మిగతా శాఖల్ని ఎప్పటిలాగే ఉంచారు. విస్తరించిన చోట ఇంకో పని కూడా చేశారు. క్లెయిము కాగితాలు నింపడానికి సాయం చేశారు. ముందొకసారి, తర్వాతొకసారి ఇళ్ళకి వెళ్ళి సర్వేలు చేశారు. మేం ఆఫీసులో ఒక కొత్త ఫీచర్ని సగంమందికే చూపించి తేడా కొలుస్తాం. ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ కొలిచింది పిల్లల పని.

ఫలితం: బీమా విస్తరించిన చోట పిల్లలు పనికి వెళ్ళడం తగ్గింది. ప్రమాదకరమైన పనుల్లో ఉండటం తగ్గింది. పిల్లల సంపాదన తగ్గింది. బడి గురించి ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. యజమానుల మీద దాడులు చెయ్యలేదు. పిల్లల పేరుతో ఇంటికి పైసా ఇవ్వలేదు. ఇంటికి దెబ్బ తగిలితే ఆదుకుంటామన్న ఏర్పాటు చేశారు, అంతే.

ఇంతవరకూ నేను అనుకున్నట్టే ఉంది. నాన్న పడతాడు, బీమా డబ్బు వస్తుంది, కొడుకు బడిలో ఉంటాడు. కానీ ఈ పరిశోధన తొలి రూపాల్లో ఒకదానిలో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. ఈ మార్పు ఎక్కువగా దెబ్బ తగిలాక చేతికొచ్చిన డబ్బు వల్ల కాదట. దెబ్బ తగలకముందే ఇంట్లోవాళ్ళకి కలిగిన 'మాకు రక్షణ ఉంది' అన్న భావన వల్లనట. మనవాళ్ళు గోడల మీద రాసే 'బీమా ఉంటే ధీమా' అన్న ప్రాసని ఇన్నాళ్ళూ ఏజెంటు గారి కవిత్వం అనుకున్నాను. తీరా చూస్తే అదే పరిశోధన ఫలితం.

ఎందుకన్న మంచిది

అర్థమైనట్టే ఉంది గానీ పూర్తిగా ఎక్కలేదు. ఇంట్లో అందరూ బాగున్నప్పుడు కొడుకుని పనికెందుకు పంపుతారు? నా పక్క బెంచీవాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు వాడికి సొంత వర్క్‌షాప్ ఉంది, ఇద్దరు పిల్లలు. ఏడాదికోసారి పండక్కి కలుస్తుంటాం. మీ నాయిన పడ్డాకే గదరా నువ్వు షాపుకి పోయింది అన్నాను, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు.

'లేదు రా. అంతకుముందు ఎండకాలం సెలవులల్లనే పోతుంటి. మా నాయిన దోస్తు ఒకాయన అంతకుముందు ఏడు చెట్టు మీంచి పడి నడుము పోయి మంచానపడ్డడు గదా. అప్పటిసంది మా అమ్మకు బుగులు. ఎందుకన్న మంచిది, పని నేర్సుకోనీ అని ఆమెనే తోలింది. నాయిన పడ్డంక సెలవులు అయిపోలే, అంతే.'

సెలవులు అయిపోలేదు, అంతే. నేను ఇరవై ఏళ్ళుగా మోసుకొస్తున్న కథలో సంఘటనల వరసే తప్పు.

'ఎందుకన్న మంచిది' అన్న మాటని మనం రోజుకి పదిసార్లు వాడతాం. గొడుగు తీసుకెళ్ళు, ఎందుకైనా మంచిది. రెండొందలు ఎక్కువ పెట్టుకో, ఎందుకైనా మంచిది. తీసుకెళ్ళడానికి గొడుగూ, పెట్టుకోడానికి రెండొందలూ లేని ఇంట్లో ఆ జాగ్రత్త పిల్లవాడి మీద పడుతుంది. వాడు పూర్తిగా బడి మానడు. ఒక కాలు బడిలో, ఒక కాలు షాపులో పెట్టి ఉంటాడు. ఏదైనా జరిగితే రెండో కాలు కూడా ఇటు పెట్టేస్తే సరిపోతుంది. ఆ ఇంటి బీమా పాలసీ ఆ పిల్లవాడే. ప్రీమియం వాడి చదువు. సింధులో తగ్గింది ఈ ప్రీమియమే అనుకుంటున్నాను. వేరే పాలసీ దొరికింది కాబట్టి దీన్ని కట్టడం కొంత మానేశారు.

'యజ్ఞం' మళ్ళీ చదివితే

ఇలా ఆలోచించాక కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' మళ్ళీ చదివాను. 1964 నాటి కథ. పాఠకులకి తెలిసిందే: అప్పల్రాముడి పాత అప్పు మీద ఊళ్ళో ధర్మసభ జరుగుతుంది. శ్రీరాములునాయుడు పెద్దమనిషి. తండ్రి అప్పు తీర్చడానికి ఒప్పుకుంటాడు. చివర్లో కొడుకు సీతారాముడు తన పసివాణ్ణి తనే నరికి తెచ్చి సభలో పడేస్తాడు. ఈ ముగింపు మీద మనవాళ్ళు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. తండ్రి అలా చేస్తాడా? కథని ఆ హింస దాకా లాక్కెళ్ళాలా?

నేనూ మొదటిసారి చదివినప్పుడు ఆ వాదనలో 'చెయ్యడు' పక్షానే ఉన్నాను. ఇప్పుడు వేరే సంగతి కనిపించింది. సీతారాముడి కొడుక్కి ఆ రోజు ఏ ఆపదా రాలేదు. ఆకలితో చావలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. సీతారాముణ్ణి పిచ్చివాణ్ణి చేసింది ఆ రోజు కాదు, రాబోయే రోజులు. ఈ అప్పు తీర్చాక మిగిలేది కూలి బతుకు, అందులో తనకీ తన కొడుక్కీ ఎన్నటికీ విడుదల లేదు అన్న లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు. మిగతా కథలు పిల్లవాడి బాధ చూపిస్తే, కారా మాస్టారు పిల్లవాడి గురించి తండ్రికుండే భయాన్ని చూపించారు. సింధులో అర్థశాస్త్రవేత్తలు సర్వే కాగితాలతో కొలిచిన వస్తువు అదే. దానికి విలన్ ముఖం లేదు. అందుకే దాన్ని కథగా రాయడం కష్టం. అందుకే మనం మీసాల యజమాని దగ్గర ఆగిపోతాం.

అప్పు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 1990ల చివర్లో, 2000ల మొదట్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో వేలమంది ఆడపిల్లలు క్రాసింగ్ పని చేసేవాళ్ళు. పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి రాసే పని. దావులూరి వెంకటేశ్వర్లు గారి అధ్యయనాలు దీన్ని వివరంగా బయటపెట్టాయి. చాలామంది తల్లిదండ్రులు ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు. సీజన్ మొదలయ్యాక అమ్మాయి చేలో దిగుతుంది. రైతు దుర్మార్గుడా కాదా అన్నది కాసేపు పక్కన పెడదాం. ఇంట్లో జ్వరమో పెళ్ళో చావో వచ్చినప్పుడు, కాగితాలు అడక్కుండా, ఆ సాయంత్రానికే డబ్బు చేతిలో పెట్టేది అతనొక్కడే. అంటే ఆ ఊళ్ళో బీమా కంపెనీ అతనే. అతనితో పోటీపడే పాలసీ ఏదీ ఆ ఊళ్ళో లేదు.

ఇదంతా మన దగ్గర లెక్కగా తేలనిదేమీ కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975 నుంచి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి లాంటి ఊళ్ళలో ఇంటింటి లెక్కలు రాసుకుంటూ వచ్చింది. హనన్ జాకోబీ, ఇమాన్యుయెల్ స్కూఫియస్ ఇక్రిశాట్ ఊళ్ళ లెక్కలతోనే 1997లో ఒక వ్యాసం రాశారు. ఇంటి ఆదాయం ఎగుడుదిగుడులతో పిల్లల బడి హాజరు కూడా ఊగిసలాడుతుందని, చేతిలో వేరే ఆసరా లేని కుటుంబాలు పిల్లల సమయాన్నే ఆసరాగా వాడుకుంటాయని తేల్చారు. టాంజానియాలో పంట దెబ్బతిన్న ఇళ్ళ మీద 2006లో వచ్చిన ఇంకో అధ్యయనమూ ఇదే చెప్పింది. అమ్ముకోడానికో తాకట్టుకో ఏదైనా ఆస్తి ఉన్న ఇంట్లో పిల్లల మీద ఆ భారం తక్కువ పడింది.

మన పథకాలు దేన్ని కాపాడతాయి

మరి మన దగ్గర బీమాలు లేవా? బోలెడున్నాయి. చిన్నమొత్తాల బీమాకి 2005లోనే ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. 2007లో ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అది కాపాడిన ప్రాణాల్ని చిన్నచూపు చూస్తే కళ్ళు పోతాయి. కేంద్రం 2008లో తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో అయిదుగురి కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయల ఆస్పత్రి ఖర్చు, ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా దారిఖర్చు 100 రూపాయలు ఉండేవి. తెలంగాణ రైతుబీమా 2018లో వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ళ పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి, నా పక్క బెంచీవాడి ఇంటి వైపు నుంచి చదివి చూడండి. ఒకటి ఆస్పత్రి బిల్లు కడుతుంది. ఒకటి చావుకి డబ్బిస్తుంది. వాళ్ళ నాన్న చావలేదు. ఆస్పత్రిలో ఉన్నది కొద్దిరోజులే. మిగతా నాలుగు నెలలు ఇంట్లో నులకమంచం మీద ఉన్నాడు. ఆ నాలుగు నెలల కూలి మాట ఏమిటి? పిల్లవాడు బడి మానింది బిల్లు కట్టడానికి కాదు, ఆగిపోయిన కూలిని తేవడానికి. బిల్లు ఒకసారి వచ్చే అప్పు. కూలి రోజూ పొద్దున్నే కావాల్సిన బియ్యం. పిల్లవాడు భర్తీ చేసేది రెండోదాన్ని. రైతుబీమాలో పట్టా లేని కౌలురైతు లేడు, కూలీ లేడు, తాళ్ళెక్కేవాడు గీత పనితో లోపలికి రాలేడు.

కూలి పోయిన రోజులకి బీమా ఇవ్వడం అసాధ్యమా అంటే, కాదు. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టంతో వచ్చిన ఏర్పాటు కింద ఫ్యాక్టరీ కార్మికుడు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల వరకూ జీతంలో 70 శాతం ఇస్తారు. అంటే మన ప్రభుత్వానికి ఈ తర్కం స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే తెలుసు. గేటుకి అవతలున్నవాళ్ళకే దాన్ని చెప్పలేదు. 2007 నాటి ఆమ్ ఆద్మీ బీమాలో పిల్లల చదువుకి నెలకి 100 రూపాయల స్కాలర్‌షిప్ కూడా ఉండేది. బీమానీ బడినీ ఒకే కాగితం మీదికి తెచ్చిన ఆలోచన అది, మెచ్చుకోవాలి. కాకపోతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకే. మావాడు ఏడులోనే మానేశాడు.

రెండు అభ్యంతరాలు

సూక్ష్మబీమా అనగానే మనవాళ్ళకి ఒళ్ళు మండటానికి కారణాలున్నాయి. మైక్రోఫైనాన్స్ పేరుతో ఏం జరిగిందో, 2010లో ఆర్డినెన్సు దాకా ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అప్పు ఇచ్చేటప్పుడే ప్రీమియం కోసుకుని, క్లెయిముకి వెళ్తే నెలల తరబడి తిప్పే బీమా ధీమా ఇవ్వదు. ఇంకో భయం తెచ్చిపెడుతుంది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లా ఆముదం, వేరుశెనగ రైతులకి బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వర్షబీమా అమ్మాయి. అలాంటి బీమాని ఆంధ్రప్రదేశ్, గుజరాత్ పల్లెల్లో పరిశీలించిన షాన్ కోల్ బృందం 2013లో రాసిన వ్యాసం చూస్తే, కొన్నవాళ్ళు తక్కువ. ధర ఒక కారణం. విత్తనాల వేళ చేతిలో డబ్బు లేకపోవడం ఇంకో కారణం. మూడోది నమ్మకం. తెలిసిన, నమ్మిన మనిషి వచ్చి చెప్తే ఎక్కువమంది కొన్నారు.

సింధులో క్లెయిము కాగితాలు నింపిపెట్టిన సంగతి అందుకే నాకు చిన్న వివరంగా తోచడం లేదు. ధీమా పాలసీ కాగితంలో లేదు. డబ్బు నిజంగానే వస్తుందన్న నమ్మకంలో ఉంది. కాగితం ఒకటే ఇచ్చి మనిషిని ఇవ్వకపోతే అదే ఫలితం వస్తుందని ఈ వ్యాసం చూపించి ఒప్పించి ఎవరూ మనకి పాలసీలు అమ్మకూడదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది, మన నేల మీదదే. శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వాళ్ళు చేసిన పనికే 2003లో ఆమెకి మెగసెసే పురస్కారం వచ్చింది. వాళ్ళ సూత్రం సూటిగా ఉంటుంది: బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే. పేదరికం వల్ల పంపలేకపోతున్నారన్నది మనం చెప్పుకునే సాకు. బడి సిద్ధంగా ఉండి, ఊరంతా ఒక మాట మీదుంటే కూలీ తల్లిదండ్రులు కూడా పిల్లల్ని పంపుతారు. దీన్ని వాళ్ళు నష్టపరిహారాలు ఇవ్వకుండానే, బ్రిడ్జి క్యాంపులు పెట్టి లక్షలమందిని బడికి తెచ్చి చూపించారు. ఆమె ముందు నిలబడి నా బీమా సిద్ధాంతం చెప్తే, 'అంటే పాలసీ వచ్చేదాకా పిల్లలు పనిలో ఉండొచ్చంటావా?' అని అడుగుతారని ఊహించుకోగలను.

నా దగ్గరున్న జవాబు ఇంతే. ఆమె మాట బడికి తీసుకురావడం గురించి. నా మాట బడి నుంచి జారిపోవడం గురించి. నా మిత్రుడి తల్లికి చదువు విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు, ఆరేళ్ళు పంపింది. ఆమెకి తక్కువైంది కోరిక కాదు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఊళ్ళో 'ఏడో తరగతి పిల్లవాడు షాపులో ఉండటమేమిటి' అని అడిగే మనిషి ఒక్కరుంటే, సెలవులు అయిపోయేవేమో. మా సార్లు అడగలేదు. మా నాన్న అడగలేదు. నేను పంక్చర్ వేయించుకుని వచ్చేశాను. బీమా ఒక్కటే చాలదు.

ఇంకో లోపం సింధు వ్యాసంలోనే ఉంది, వాళ్ళే రాశారు. వాళ్ళు చూసిన ఇళ్ళలో పనికి వెళ్ళేది ఎక్కువగా మగపిల్లలు, బీమా వల్ల లాభపడిందీ ఎక్కువగా వాళ్ళే. కూలి వచ్చే పనిని లెక్కపెట్టడం తేలిక. అమ్మ మంచానపడితే వంటా, తమ్ముడూ, నీళ్ళూ ఎవరి మీద పడతాయో ఆ పిల్ల పనికి కూలి లేదు. మన హోటల్ కుర్రాడి కథల్లోనూ ఆమె చాలా తక్కువ. కథకుడు టీ తాగడానికి వెళ్ళిన చోట ఆమె ఉండదు కదా. ఆమె ఇంట్లో ఉంటుంది.

నాగా

లేదా మా ఇంట్లో ఉంటుంది. ఈ వ్యాసం సగం రాశాక జరిగిన సంగతి చెప్పకపోతే ఇదంతా దొంగరాత అవుతుంది.

మా ఫ్లాట్‌లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచే ఆమె ఆరేళ్ళుగా వస్తోంది. నా కంపెనీ గ్రూప్ పాలసీలో నేను, నా భార్య, పాప, మా అమ్మానాన్నలు అందరం ఉన్నాం. ఆమె ఎందులో ఉందో నేనెప్పుడూ అడగలేదు. నెలకి రెండు సెలవులు, ఆపైన నాగా పెడితే రోజుకింత కోత. అపార్ట్‌మెంట్లో అందరి పద్ధతీ అదే. జూలైలో ఆమెకి జ్వరం వచ్చింది. మూడోరోజు పొద్దున బెల్లు కొడితే తలుపు తీశాను. పన్నెండేళ్ళ అమ్మాయి, యూనిఫాం మీదే. 'అమ్మకు బాలేదు సార్, నేను చేసి పోతా' అంది. మీటింగ్‌కి టైమవుతోంది. పక్కకి జరిగాను. లోపలికొచ్చింది. గిన్నెలు తోమి, తొమ్మిదింటికి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు వచ్చింది. అయిదో రోజు నా టేబుల్ మీద ఈ వ్యాసం ప్రింటు ఉంటే, దాన్ని జాగ్రత్తగా పక్కకి జరిపి కింద తుడిచింది.

నాకు మీసాలు లేవు. ఎవరినీ కొట్టను. ఆ అమ్మాయిని రమ్మని నేను అడగలేదు కూడా. రోజుకింత అని కోసుకునే నా లెక్కే ఆమెని పంపింది. నాగా పడకుండా ఉండాలంటే ఇంట్లో ఇంకో మనిషి కావాలి. ఉన్న మనిషి ఆ అమ్మాయి. ఎందుకైనా మంచిదని వాళ్ళమ్మ ఎప్పుడో ఆమెకి గిన్నెలు తోమడం నేర్పే ఉంటుంది.

ఆ సాయంత్రం నా భార్యా నేనూ మాట్లాడుకున్నాం. జ్వరం రోజులకి కోత లేదని, అది ముందే చెప్పాలని అనుకున్నాం. ముందే చెప్పడమన్నది సింధు నుంచి నేర్చుకున్న ముక్క. చెప్తే ఆమె నమ్మినట్టు కనిపించలేదు. 'చూద్దాం లెండి సార్' అంది. నమ్మకానికి టైం పడుతుంది, మహబూబ్‌నగర్ రైతులకీ పట్టింది. మిగతా మూడు ఇళ్ళలో ఆమెకి కోత ఎలాగూ ఉంది. మా ఒక్క ఇంటి మంచితనం ఇ.ఎస్.ఐ. చట్టం కాదు, దానికి బదులు కూడా కాదు.

సెప్టెంబర్‌లో ఆమె నాలుగు రోజులు రాలేదు. కోయలేదు. బెల్లు మోగలేదు. దీన్నుంచి నేను ఏ సిద్ధాంతమూ తీయను, శాంపిల్ సైజు ఒకటి. ఆ నాలుగు రోజులూ గిన్నెలు నేనే తోముకున్నాను.